స్త్రీ పాత్రలు తగ్గించమన్నారు, తగ్గించాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇదీ. మీది అమలాపురం దగ్గర ఊరు, బళ్ళో టీచరు. మస్కట్‌లో పదకొండేళ్ళు ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చిన ఒకావిడ మీద నాటిక రాశారు. ఆరు పాత్రలు, అందులో ఐదు ఆడవాళ్ళవి. మీ దగ్గరి నాటక సమాజం దర్శకుడు గారు "కథ బావుందమ్మా, స్త్రీ పాత్రలు రెండుకి దించెయ్, ఆడేద్దాం" అన్నారు. నాటక పోటీలు పెట్టే పరిషత్తుకి పంపేటప్పుడు పూర్తి పేరు వద్దు, ఇనిషియల్స్ వేసుకోమని ఇంకెవరో చెప్పారు. అసలు తెలుగులో నాటకాలు రాసే ఆడవాళ్ళున్నారా అని చివర్లో మీరే విసుక్కున్నారు.

నేను పాలకొల్లు వైపు మనిషిని. ముప్ఫయ్యేళ్ళ నుంచి నాటికలు రాస్తున్నాను. ఓ పదిహేను స్టేజీ ఎక్కాయి, అంతకు రెట్టింపు బీరువాలో ఉన్నాయి.

ముందు సూటిగా చెబుతాను. పాత్రలు తగ్గించకండి. అలాగని ఆ దర్శకుడి మీద కోపమూ పెట్టుకోకండి. ఆయన మీ రాతలో తప్పు పట్టలేదు, ఖర్చు లెక్క చెప్పారంతే. ఆ లెక్క మీకూ తెలిస్తే ఐదుగురినీ నిలబెట్టుకునే దారి దొరుకుతుంది. ఇనిషియల్స్ సంగతి ఆఖర్న చెబుతాను, దానికి నా సొంత కథే ఒకటుంది.

మన డెల్టాలో పరిషత్తు నాటికలాడే సమాజాలు ఎలా నడుస్తాయో చూశారా? మగ నటులు బ్యాంకులోనో, సొసైటీ ఆఫీసులోనో, బళ్ళోనో పనిచేసేవాళ్ళు. నటనంటే పిచ్చి. డబ్బు తీసుకోరు సరికదా, సెట్టుకి తలా ఓ వెయ్యి వేసుకుంటారు. ఆడవాళ్ళ సంగతి అలా కాదు, వాళ్ళలో చాలామందికి ఇదే బతుకుతెరువు. ఒక్కొక్కరు సీజన్లో నాలుగైదు సమాజాలకి చేస్తారు. ప్రదర్శనకింత అని ముందే మాట్లాడుకుంటారు. రిహార్సల్స్‌కి రానూపోనూ చార్జీలు, ఆలస్యమైతే కారు, తోడొచ్చిన తమ్ముడికి భోజనం. అంటే స్టేజీ మీదున్న అంతమందిలో డబ్బు తీసుకునే మనిషి ఆవిడొక్కతే. సరదాకి చేసేవాళ్ళ మధ్య పని తెలిసిన వృత్తి కళాకారిణి ఆవిడ. మర్యాదగా చూసుకోవాల్సిన ఆ మనిషి ఖర్చుల పుస్తకంలో "స్త్రీ పాత్ర - 1" అని పడుతుంది, సెట్టు అద్దెకి కింద, మైకుకి పైన.

ఈ పద్దు ఏకంగా మన కథల్నే మార్చేసింది. పరిషత్తులో ఓ రాత్రి కూర్చుని వరసగా నాలుగు నాటికలు చూడండి. మూడింట్లో తల్లి ఉండదు. తెర లేచేసరికి గోడ మీద ఫోటోకి దండేసి ఉంటుంది. తండ్రి ఆ ఫోటో వైపు తిరిగి మాట్లాడుతుంటాడు. తల్లి పోతే నాటికకి కరుణరసమూ వస్తుంది, సమాజానికి ఓ పారితోషికమూ మిగులుతుంది. వెటకారమనుకోకండి, నేనూ ఒక నాటికలో అలాగే చంపాను. కోడలు మాట్లాడాల్సిన చోట ఫోను మోగుతుంది, కొడుకు ఇవతల నుంచి "ఆఁ, ఆఁ" అంటాడు, కోడలి గొంతు వినపడదు. ఒకప్పుడైతే "స్త్రీ పాత్రలు లేని నాటికలు" అని అట్ట మీదే అచ్చేసి అమ్మేవారు. కాలేజీ వార్షికోత్సవాలకి అవే దిక్కు.

కాబట్టి ఆడవాళ్ళు రాయడం ఒక సమస్యయితే, రాసిన ఆడపాత్ర స్టేజీ దాకా బతికి రావడం రెండో సమస్య. మీరిప్పుడు రెండో దాని దగ్గరున్నారు.

ఇక రచయిత్రులున్నారా అంటారా? కందుకూరి వారికి రెండొందల ఏళ్ళ ముందే ఉన్నారండి. 17వ శతాబ్దంలో తంజావూరు విజయరాఘవనాయకుడి కొలువులో రంగాజమ్మ మన్నారుదాసవిలాసాన్ని యక్షగానంగా, అంటే ఆడిపాడే నాటకంగా రాసింది. తరిగొండ వెంగమాంబ (1730–1817) పద్యాలూ ద్విపదలే కాదు, యక్షగానాలూ రాసింది. మన గోదావరి వైపుకొస్తే, ముమ్మిడివరం, మండపేట, మురమండ ప్రాంతాల్లో ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళే భామాకలాపం, గొల్లకలాపం ఆడేవారు. కూచిపూడి భాగవతుల్లో సత్యభామ మగవాడు, మన డెల్టాలో సత్యభామ ఆడదే. గొల్లకలాపంలో ఒక గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలబెట్టి పిండోత్పత్తి దగ్గర్నుంచి చెబుతుంది, పుట్టుకతో ఎవడు ఎక్కువో చెప్పమంటుంది. ఊరంతా కూర్చుని వినేది. ఆ కలాపాలు రాసింది మగవాళ్ళేననుకోండి, అయినా ఆ వాదన ఆడగొంతులో వచ్చేది. 1947లో ఆడపిల్లల్ని గుడికి అంకితమివ్వడాన్ని ఆపే దేవదాసీ చట్టం వచ్చింది. అది రావాల్సిన చట్టమే, కాదనను. కానీ దాంతోపాటు ఆ ఇళ్ళల్లో ఆటా ఆగింది, ఆ గొంతూ ఆగింది.

అంతకు చాలాముందే రాజమండ్రిలో ఇంకో దారి మొదలైంది. 1880లో కందుకూరి వీరేశలింగం గారు విద్యార్థులతో నాటకం కట్టించారు. అంటే ఆడవేషాలూ మగపిల్లలవే. అక్కడ మొదలైన ఆ పద్ధతి డెబ్భై ఎనభై ఏళ్ళు నడిచింది. బాపట్ల స్థానం నరసింహారావు గారి సత్యభామని చూసి ఆడవాళ్ళు నడక నేర్చుకున్నారని మా మామ్మ చెప్పేది. అంతటి నటుడు కాబట్టే 1956లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన గొప్పతనం మీద నాకు పేచీ లేదు. కానీ మామ్మ మాటలో ఉన్న తిరకాసు నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. ఆడవాళ్ళు ఆడదాని నడకని మగవాడి దగ్గర నేర్చుకోవడమేంటండీ!

ఆ రోజుల్లోనే సురభి వాళ్ళు వేరేగా ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన ఆ సమాజంలో ఆడవేషాలు ఆడవాళ్ళవే. వాళ్ళకేమైనా సంస్కరణ సిద్ధాంతముందా అంటే నేననుకోవడం, అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. వాళ్ళ సమాజమే ఒక కుటుంబం. రిహార్సల్ ఇంట్లోనే, డేరాలోనే. పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసి వచ్చి పోర్షన్ చెప్పుకోవచ్చు. రాత్రి పదింటికి ఊరి బయట గదికి వెళ్ళక్కర్లేదు, తోడెవరొస్తారన్న ప్రశ్నే లేదు.

నా ముప్ఫయ్యేళ్ళలో నాకు తెలిసొచ్చిందీ ఇదే. రిహార్సల్ ఆడవాళ్ళకి అందేచోట జరిగితే నాటకంలో ఆడవాళ్ళుంటారు. నటులే కాదు, రచయిత్రులు కూడా. నాటకం సగం బల్ల మీద పుడుతుంది, మిగతా సగం రిహార్సల్లో పుడుతుంది. కథ, నవల రాసే ఆడవాళ్ళు తెలుగులో వందలమంది ఉండి, నాటకం దగ్గర వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సి రావడానికి నాకు కనపడే పెద్ద కారణం ఇది. కథ రాత్రి పిల్లలు పడుకున్నాక రాసి పొద్దున్న పోస్టు చేయొచ్చు. నాటకానికి అదే రాత్రి బయటికెళ్ళాలి.

రేడియో సంగతీ అంతే. 1948లో విజయవాడ కేంద్రం వచ్చాక మా ముందుతరం ఆడవాళ్ళకి అది పెద్ద ఆసరా. కవర్లో పెట్టి పంపితే చాలు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కాకపోతే అందులో ఓ చిక్కుంది. రేడియోకి రాసిన చెయ్యి స్టేజీకి పనికిరాదు. నా మొదటి రంగస్థల నాటికలో అత్తాకోడళ్ళు రెండు కుర్చీల్లో కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ముందు వరసలో ఒకాయన "ఎవరన్నా లేవండమ్మా, కాళ్ళు పట్టేస్తాయి" అన్నాడు. హాలంతా నవ్వు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

రాసినవాళ్ళ పేర్లు కొన్ని చెబుతాను, మీరు వెతుక్కుని చదువుకోవచ్చు. కనుపర్తి వరలక్ష్మమ్మ గారు (1896–1978) రాణీ మల్లమ్మ లాంటి నాటకాలు రాశారు. ఓల్గా గారు నృత్యరూపకాలు రాశారు. వినోదిని గారి దాహం తప్పక చదవండి. ఊళ్ళో దళితులకి మంచినీళ్ళ దగ్గర జరిగేది ఉంటుందందులో. "ఆడవాళ్ళ సమస్య", "కులం సమస్య" అని రెండు అరల్లో సర్దుకునేవాళ్ళకి అది మింగుడుపడదు.

ఇప్పుడు రిహార్సల్ అని ఎందుకంత పట్టు పడుతున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళ మీద నాటిక రాశాను. నేను చాలా కష్టపడి రాశాననుకున్న సీను ఒకటుంది. ఏజెంటు లెక్కలో మోసం చేస్తాడు, పెద్దావిడ లేచి నిలబడి "మా కళ్ళు పోగొట్టుకుని అల్లితే మా శ్రమని దోచుకుంటారా!" అని అరపేజీ డైలాగు చెబుతుంది. చప్పట్లు ఖాయమనుకున్నాను.

హైస్కూలు గదిలో రిహార్సల్. బల్లలు గోడకి జరిపి, మూలన దోమలచుట్ట వెలిగించాం. పెద్దావిడ వేషం వేసే ఆవిడ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చేది. టిఫిను బాక్సు, నాలుగు మడతలు పెట్టిన స్క్రిప్టు, రెండూ ఒకే సంచిలో. ఆ డైలాగు సగం చెప్పి ఆగిపోయింది. "అమ్మా, ఏమీ అనుకోకండి. మా అమ్మ లేసు అల్లేది. అల్లేటప్పుడు లేవమండి. తలే ఎత్తం. ఎత్తితే లెక్క తప్పుతుంది."

"మరి ఏమంటుంది?" అన్నాను, కాస్త కోపంగానే.

ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతిలో సూది లేదు, దారం లేదు. వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. "ఐదు... ఆరు... ఏజెంటు గారూ, పోయిన నెల దారం ఉండకి ఎన్ని పువ్వులు రావాలన్నారూ? ఏడు... ఎనిమిది... ఈ నెల ఉండ చిన్నదైందేంటండీ... తొమ్మిది." అంతే. తల ఎత్తలేదు. ఏజెంటు వేషం వేసే బ్యాంకు క్లర్కు గారికి ఎటు చూడాలో తెలీక చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆ చేతులు పెట్టుకోవడాన్ని కూడా అలాగే ఉంచేశాం. నా అరపేజీ ఎగిరిపోయింది. ఆ సీనుకి చప్పట్లు రాలేదు, హాల్లో చప్పుడే లేదు.

ఆ రాత్రి నేనింట్లో ఉండి దర్శకుడి చేతికి కాయితాలిచ్చి ఊరుకుంటే ఆ మాటలు రావు. ఆవిడ ఎదురుగా రచయితగా మగవాడుంటే చెప్పేదా అని కూడా అనుమానమే. తర్వాత ఎప్పుడో అడిగితే, "ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదండి, మీరూ అడగలేదు, నేనే ఆగిపోయాను" అంది. కరపత్రంలో రచన నా పేరు కింద "మాట సాయం" అని ఆవిడ పేరు వేయించాను. సమాజంలో పెద్దలకి నచ్చలేదు. వేయించాను.

సరే, మీ నాటిక సంగతి చూద్దాం.

మొదట సెట్టు గురించి దర్శకుడితో మాట్లాడండి. మూడు గోడల సెట్టు, దాని లారీ, కట్టే మనుషులు, అన్నీ కలిపి ఎంతవుతుందో కాయితం మీద రాయించండి. దాని పక్కన ఇద్దరు నటీమణుల పారితోషికం రాయించండి. మా దగ్గర దాదాపు సరికి సరి వచ్చింది. మీ కథకి గోడలెందుకు? నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, తాడుతో బిగించి పేరూ ఊరూ పెద్దక్షరాలతో రాసిన ఒక అట్టపెట్టె చాలు. గల్ఫ్ నుంచొచ్చిన ఆ పెట్టెని కోనసీమలో గుర్తుపట్టని మనిషి ఉండడు. సెట్టు తీసేసి మనుషుల్ని ఉంచమనండి. ఈ మాట ఖర్చు లెక్కలో చెబితే వింటారు, సమానత్వం పేరుతో చెబితే వాచీ చూసుకుంటారు. అనుభవం మీద చెబుతున్నాను.

రెండోది, ఐదుగురూ బయటినుంచే రావాలని లేదు. మస్కట్, కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళు మీ ఊళ్ళోనే ఉంటారు. నేనొక నాటికని అంగన్‌వాడీ టీచరు, టైలరు, డ్వాక్రా గ్రూపు లీడరు ముగ్గురితో చేయించాను. నాయిక పాత్రకి మాత్రం అనుభవమున్న కళాకారిణిని పెట్టుకున్నాం, మిగతావాళ్ళకి ఆవిడే నేర్పింది, ఆ నేర్పినదానికి విడిగా డబ్బిచ్చాం. రిహార్సల్ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. బడి పిల్లలు ఇంటికొచ్చేలోపు అయిపోవాలి. మగ నటుడు ఒక్కడే కాబట్టి మీకిది కుదురుతుంది, ఆయన్ని సెలవు పెట్టమనండి. ఇన్నేళ్ళు మనం సర్దుకున్నాం కదా.

కష్టాలూ చెప్పాలి. మూడు వారాల్లో అయ్యేది ఏడు వారాలు పట్టింది. కోతలొస్తే ఎవరూ రారు. గొంతు చివరి వరసకి వినపడదు, దాని మీద చాలా రోజులు పోతాయి. ప్రదర్శనకి పది రోజుల ముందు టైలరు భర్త ఒద్దన్నాడు. ఆవిడ అత్తగారు వచ్చి "దాని మాటలన్నీ ఇంట్లో విని విని నాకూ వచ్చేశాయి, నేను చెబుతా" అంది. చెప్పింది కూడా, రెండు చోట్ల సొంత మాటలు కలిపి. మొహమాటంకొద్దీ కాదు, నిజంగానే ఆ రెండూ ఉంచేశాను. మీరు అంత అదృష్టం మీద ఆధారపడకండి, ఒక పాత్రకి ఇద్దరిని తయారుచేసుకోండి.

మూడోది, ఒప్పుకునే ముందే కొన్ని మాటలు కాయితం మీద పెట్టించుకోండి. బయటి నటి వచ్చేరోజు రిహార్సల్ తొమ్మిదికి ముగియాలి. బండి ఇంటి గుమ్మం దాకా వెళ్ళాలి. మేకప్‌కి లోపల గడియపడే గది కావాలి, దగ్గర్లో మరుగుదొడ్డి కావాలి. చిన్న సంగతులనిపిస్తాయి. ఒకచోట, ఊరు చెప్పను, తాటాకు పందిరి వెనక ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటే మా నటి చీర మార్చుకుంది, రంగానికి రంగానికి మధ్య మూడుసార్లు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగలేదావిడ. అదే వేదిక మీద ఆ రాత్రి స్త్రీని దేవతగా కొలవాలని ముఖ్య అతిథి అరగంట మాట్లాడారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆడది రాసింది కాబట్టి మంచి నాటకమైపోదు. మధురవాణిని రాసింది గురజాడ. వరకట్నం మీద కాళ్ళకూరి నారాయణరావు గారి వరవిక్రయం ఇప్పటికీ తగులుతుంది. నా తొలి నాటికల్లో విలన్ ఎప్పుడూ అత్తగారే. మా అమ్మాయి ఇంటర్లో ఉండగా అడిగింది, "అమ్మా, నీ నాటకాల్లో మావగారెప్పుడూ పేపరు చదువుకుంటూనే ఉంటాడేంటి?" అని. అప్పుడు గానీ ఆ పేపరు వెనకేముందో నేను చూడలేదు.

మరైతే మనం రాస్తే మారేదేంటని దర్శకుడు గారు అడిగితే ఇది చెప్పండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ పెళ్ళి మీద నేను చూసిన ప్రదర్శనల్లో ఆయన వేదిక మధ్యలో నిలబడి వాదిస్తుంటారు. ఊరు వెలేస్తే వంటకీ నీళ్ళకీ మనుషులు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి వండారని చెబుతారు. నేనైతే ఆ బిందె దగ్గర తెర తీస్తాను. రేవులో మిగతా ఆడవాళ్ళు ఆవిడతో మాట్లాడారా? పక్కకి జరిగారా? పెళ్ళికూతురు వంటింట్లోకొచ్చి ఏమడిగింది? కందుకూరి గారు తలుపవతల నుంచి దగ్గితే చాలు, ఆయన పాత్ర ఐపోతుంది.

ఇంకోటి, మార్చి 8న మీ నాటికని తప్పకుండా అడుగుతారు. ఆడండి, కానీ దాంతో సరిపెట్టుకోకండి. ఆ రోజు పొద్దున్న పదింటికి ఆడిస్తారు, చూసేది కూడా మనమే. మామూలు పోటీల్లో, రాత్రి తొమ్మిదిన్నరకి, మగవాళ్ళు జీడిపప్పు పొట్లాలు పట్టుకుని కూర్చునే వేళకి మీ ఐదుగురూ స్టేజీ ఎక్కాలి.

ఇక ఇనిషియల్స్. వద్దు. స్క్రిప్టు పరిశీలనకి ఎవరి పేరూ ఉండకూడదని నియమముంటే సరే, ఆ నియమం అందరికీ ఒకటే. పేరు వేసే చోట మాత్రం పూర్తిగా వేయండి.

నా మొదటి పోటీకి నేను రెండు పొడి అక్షరాలు, ఇంటిపేరు వేసి పంపాను. రచనకి ద్వితీయ బహుమతి వచ్చింది. "రచయిత గారు వేదిక మీదకి రావాలి" అని మైకులో పిలిచారు. నేను మెట్లెక్కబోతుంటే వాలంటీరు కుర్రాడు ఆపి, "అమ్మా, ఆడవాళ్ళ కుర్చీలు అటండి" అన్నాడు. నేను చెప్పేలోపు మా దర్శకుడు గారు పైకెళ్ళారు, శాలువా ఆయనకి కప్పేశారు. ఆయన మంచివాడే, కిందకి దిగి ఆ శాలువా నాకిచ్చారు, అది వేరే సంగతి. ప్రశంసాపత్రంలో బంగారు రంగు అక్షరాలతో ముందే "శ్రీ" అని అచ్చేసి ఉంది, పక్కన చేత్తో నా ఇనిషియల్స్ రాశారు. ఇంటికెళ్ళాక మా ఆయన దాన్ని దీపం కింద పెట్టి చూసి, జేబులోంచి బాల్‌పెన్ను తీసి "శ్రీ" పక్కనున్న కాస్త జాగాలో "మతి" ఇరికించారు. ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టాం. వచ్చినవాళ్ళు ముందు ఆ నీలంరంగు అక్షరాల గురించే అడుగుతారు.